కూర్చుని చేసే పని

మా నాయన ఏం చేసేవాడని మొన్న ఫోనులో మీరు అడిగితే, దూదేకేవాడని చెప్పి ఊరుకున్నాను. అది సగం మాటే పిల్లలూ. మా నాయన నడిచేవాడు, దూదేకేవాడు. ఆ రెండిట్లో ఒకటి ఆయన్ని నిలబెడుతూ వచ్చింది, ఒకటి లోపల్నుంచి తినేస్తూ వచ్చింది. ఏది ఏదో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి ఆయన లేడు.

మా ఊరు పర్చూరుకి దగ్గర. నల్లరేగడి నేల. వానాకాలంలో ఆ మట్టిలో నడిస్తే కాలికి రెండో కాలంత బరువు అంటుకునేది. రైతుల ఇళ్ళు ఊరి నడుమ, మా దూదేకులవాళ్ళ ఇళ్ళు పడమటి చివర. మేం సాయిబులమే గాని ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజులో చదివే మాటలు తప్ప ఇంకో భాష మాకెవరికీ రాదు. ఊళ్ళో అందరూ మా నాయనని ‘సాయిబూ’ అనే పిలిచేవాళ్ళు. ఆయనకి వేరే పేరుందని చాలామందికి తెలియదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో నాకు పదేళ్ళుంటాయి. అప్పుడు ఆయన వెంట ఊళ్ళు తిరిగేదాన్ని. భుజం మీద నిలువెత్తు విల్లు ఆయనది, చేతిలో అన్నం మూట నాది. ఏడాదంతా పడుకుని అణగ్గొట్టిన పరుపుల్నీ బొంతల్నీ రైతులు విప్పి వసారాలో పోసేవాళ్ళు. మా నాయన దూలానికి తాడు వేసి విల్లు వేలాడదీసి, దాని నరాన్ని దూదిలో ఆనించి, చెక్క గూటంతో కొట్టేవాడు. ఆ నరం అదురుకి అట్టకట్టిన దూది పింజ పింజగా విడిపోయి పొంగేది. వసారా అంతా తెల్లటి నుసి లేచేది. సాయంత్రానికి కనుబొమలూ మీసాలూ నెరిసిపోయి మా నాయన ముసలివాడై ఇంటికొచ్చేవాడు. అమ్మ రెండు చెంబుల నీళ్ళు పోస్తే మళ్ళీ పడుచువాడయ్యేవాడు.

దగ్గు మాత్రం నీళ్ళతో పోయేది కాదు. ఊపిరి తీస్తుంటే లోపల సన్నగా పిల్లికూతలు. ఒకసారి ఒక రైతు ఇంట్లో పెళ్ళి పరుపులు ఏకుతుంటే ఆ ఇంటావిడ చేట పట్టుకుని నిలబడి అంది:

“ఏం సాయిబూ, మోగేది నీ విల్లా, నీ రొమ్మా?”

“రెండిటికీ ఒకటే నరం కట్టారమ్మా.”

“అట్టయితే తెగకుండా చూసుకో. ఇంకా రెండు పరుపులు, నాలుగు దిండ్లు ఉన్నాయి.”

“తెగితే మీ గేదె పలుపు కట్టుకుంటాలే.”

ఆవిడ నవ్వి, లోపలికెళ్ళి బెల్లం ముక్కా, చెంబుతో మంచినీళ్ళూ తెచ్చిచ్చింది. బెల్లం తింటే గొంతులో నుసి కిందికి దిగిపోతుందని అందరి నమ్మకం. ఏ ఇంటికెళ్ళినా బెల్లం ముక్క పెట్టేవాళ్ళు. మా నాయన అందులో సగం కొరికి నాకిచ్చేవాడు. నా ఎముకల్లో కాస్త బలం ఉందంటే ఆ బెల్లం పుణ్యమే.

ఇప్పుడు ఒక సంగతి చెప్తాను, జాగ్రత్తగా వినండి. మిగతా కథంతా దీని మీదే నడిచింది. మా ఇంట్లో పీర్ల పండగ పదిరోజులూ విల్లు ముట్టరు. నరం వదులు చేసి, గుడ్డ చుట్టి, చూరుకి కట్టేస్తారు. ఆ పదిరోజులూ మా నాయన పీర్ల చావడి దగ్గరా, గుండం దగ్గరా తిరుగుతూనే ఉండేవాడు. పండగ అయిపోయి మళ్ళీ విల్లు దించిన మొదటి రోజు చూడాలి ఆయన అవస్థ. మధ్యాహ్నానికల్లా రొమ్ము మీద రోలు పెట్టినట్టు బిగుసుకుపోయేది. రెండో రోజు కాస్త సర్దుకునేది. మూడో రోజుకి ఎప్పటిమాదిరే.

ఇది మా నాయన ఒక్కడికే కాదు, మా ఇళ్ళల్లో విల్లు పట్టిన ప్రతి మగవాడికీ అంతే. అందుకని మావాళ్ళంతా ఒక తీర్పు చెప్పేసుకున్నారు. పని మానడం వల్లే రొమ్ము బిగుసుకుంటుందని. “వాడని కత్తికి తుప్పు పట్టినట్టే, ఏకనివాడి ఊపిరికీ తుప్పు పడుద్ది” అనేవాడు మా తాత. ఆయన నుంచి మా నాయనకి, మా నాయన నుంచి మా అన్నకి ఆ మాట వచ్చింది. మామూలు రోజుల్లో పని దొరక్కపోతే మా నాయన ఇంట్లోనే ఇంత దూది ముందేసుకుని ఏకేవాడు, రొమ్ము అలవాటు తప్పకుండా ఉండాలని. మనసుకి అదెంత న్యాయంగా అనిపించేదో! మానేశాడు, తిరిగి మొదలుపెట్టాడు, అవస్థపడ్డాడు. తప్పంతా మానడానిదే అనుకోమూ మరి?

నేను పెద్దదాన్నయ్యేకొద్దీ ఆయన నడక నెమ్మదించింది. అయినా ఆయాసం వచ్చి ఆగానని ఎన్నడూ ఒప్పుకునేవాడు కాదు. ఆగడానికి ఏదో ఒక పని కల్పించుకునేవాడు. కాలవ తూము దగ్గర విల్లు దించి నరం బిగి చూసుకునేవాడు. మిరపచేను గట్టున నిలబడి, “ఏమయ్యా, ఈ ఏడు ముడత తెగులు లేదే!” అని ఎవరినో పలకరించేవాడు. ఆ రైతు జవాబు చెప్పేలోగా ఈయన పెదాలు సున్నాలా చుట్టి, నరం మీద నుసి ఊదినట్టు మెల్లగా, పొడుగ్గా ఊపిరి వదిలేవాడు. రెండు మూడుసార్లు అలా ఊదితే మొహం తేటపడేది. మళ్ళీ విల్లు భుజానికెత్తేవాడు. అలా ఆగుతూ ఆగుతూనే ఏ ఊరికి వెళ్ళాలంటే ఆ ఊరికి వెళ్ళేవాడు. దారిపొడుగునా ఆయనకి మనుషులే. ఎవరి గేదె ఈనింది, ఎవరి పిల్ల కాపురానికెళ్ళింది, అన్నీ మోసుకొచ్చి అమ్మకి చెప్పేవాడు. అన్నం దగ్గర కూర్చుంటే రెండు వడ్డనలు అడిగి తినేవాడు.

నాకు పెళ్ళయింది. మీ తాతయ్యది గుంటూరు పక్కన నల్లపాడు. పత్తి జిన్నింగు మిల్లులో పని. నేను కాపురానికొచ్చిన మరుసటి ఏడు, మిరపకాయ కల్లాల కాలంలో, మా నాయన పొరుగూరి నుంచి వస్తూ దారిలో కూలబడిపోయాడు. అటుగా బండి తోలుకొస్తున్న మా ఊరి పెద్దరైతు చూసి, మిరపకాయ బస్తాల మీద కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చి దించాడట. దించినవాడు ఊరికే పోలేదు. వీధి వీధంతా వినబడేటట్టు మా అన్నని పట్టుకుని అడిగాడు:

“ఏరా, నీకు కాళ్ళు లేవా? ముసలాయన్ని ఊళ్ళమ్మట తిప్పి నువ్వు తింటన్నావా? సిగ్గుగా లేదంట్రా?”

“తిప్పేదేంది బాబాయ్, ఆయనే కూకోడు...”

“కూకోబెట్టాలి! కొడుకువి కాదూ?”

మా అన్న మంచివాడు పిల్లలూ. ఆ మాట వాడికి ముల్లులా దిగింది. మూడో రోజుకల్లా నాయనని రైలెక్కించి మా ఇంటికి తీసుకొచ్చాడు, గుంటూరులో డాక్టరుగారికి చూపిద్దామని. నేనూ వాళ్ళతో వెళ్ళాను. డాక్టరుగారు పెద్దమనిషి, నెమ్మదస్తుడు. వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత అడిగాడు:

“ఏం పని చేస్తాడయ్యా మీ నాన్న?”

మా అన్న తల దించుకుని, “ఊళ్ళు తిరుగుతాడండి” అన్నాడు.

దూదేకుతాడని అనలేదు. దాచి కాదు. పెద్దరైతు అన్న మాట వాడి చెవుల్లో అప్పటికింకా మోగుతూనే ఉంది. వాడికి తప్పుగా తోచింది తిరగడమే, అదే చెప్పాడు. నేను పక్కన నాయన కండువా పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ మాటలో ఏదో తక్కువైందని నాకూ తట్టలేదు. మా నాయనకీ తట్టలేదు. తమ పనిలో రోగముందని ఎవరైనా అనుకుంటేగా!

“ఇక తిరగడం మాన్పించండి” అన్నాడు డాక్టరుగారు. “ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. ఆయాసం రాకుండా చూసుకోవాలి. కూర్చుని చేసే పని ఏదన్నా ఉంటే చేసుకోనివ్వండి, ఫర్వాలేదు.”

కూర్చుని చేసే పని! మా అన్న మొహం వెలిగిపోయింది. దూదేకడం కూర్చుని చేసే పనే కదా. దారిలోనే ఏర్పాటంతా చెప్పేశాడు.

“ఇంక నువ్వు గడప దిగబాకు నాయనా. ఊళ్ళు నేను తిరుగుతా. దూది నేను తెస్తా, ఏకింది నేనే మోసుకెళ్ళి ఇస్తా. నువ్వు ఇంట్లో నీడపట్టున ఏక్కో.”

మా నాయన రోడ్డు మీద ఆగాడు. ఆగడానికి ఈసారి ఏ వంకా వెతుక్కోలేదు.

“నాకేం తోచుద్దిరా ఇంట్లో? మనుషులెక్కడ దొరుకుతారు?”

“మేం మనుషులం కాదా?”

“మీరు ఇంట్లోవాళ్ళు” అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మా ఊళ్ళో ఇంటి ముందుగదిలో ఆయనకి దూలానికి విల్లు కట్టారు. కొన్నాళ్ళు తలుపులు తీసే ఉంచారట. మాకు ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో, రైతుల ఇళ్ళలో చివరిదైన మా పక్కింటి రైతుగారి భార్య మిరపకాయలు ఆరబోసుకునేది. గాలి అటు తిరిగిందంటే మా నుసంతా వెళ్ళి ఆ ఎర్రటి కాయల మీద వాలేది. ఆవిడ గట్టిమనిషి. గుమ్మం ముందుకొచ్చి అందుకుంది:

“ఏమే, మా కాయలకి మీసాలు మొలిపిస్తన్నారే మీరు! ఈ బొచ్చు చూసి ఏ బేరగాడు కొంటాడు?”

“గాలికి నేనేం జేసేదొదినా?” అంది మా అమ్మ.

“గాలినేమంటాం, తలుపేసుకో!”

తలుపేశారు. కిటికీకి గోనెపట్టా కట్టారు. అప్పట్నుంచి ఆ నుసికి బయటికి పోయే దారి లేదు. రైతుల వసారాల్లో ఏకినన్నాళ్ళూ గాలి దాన్ని నాలుగు దిక్కులా మోసుకుపోయేది. సాయంత్రానికి దాన్ని వదిలేసి, కోసుల దూరం చేల మధ్య నడిచి ఇంటికొచ్చేవాడు. ఇప్పుడు ఏకేది అందులోనే, తినేది అందులోనే, పడుకునేది అందులోనే. కాళ్ళకి పని లేదు. మంచినీళ్ళకి లేవబోతే అమ్మ చెంబు నోటిదాకా తెచ్చేది. పెరట్లోకి వెళ్ళబోతే అన్న భుజం పట్టుకునేవాడు. ప్రేమే అదంతా, పిల్లలూ. ప్రేమ తప్ప ఇంకేమీ కాదు.

తొలికాన్పుకి నేను పుట్టింటికెళ్ళాను. గుమ్మంలో అడుగుపెట్టి నాయన్ని చూసి భయపడ్డాను. తిండి తగ్గింది. తొడలు కర్రల్లా అయిపోయాయి. మంచం మీంచి లేచి వాకిట్లోకి రావడానికే రొప్పుతున్నాడు. ఊళ్ళు తిరిగినన్నాళ్ళూ ఇంత లేదు కదమ్మా అంటే, “తిప్పితే ఇంకెంతయ్యేదో! ఆ డాక్టరుగారి పుణ్యాన ఈ మాత్రమన్నా ఉన్నాడు” అంది అమ్మ.

బిడ్డ పుట్టింది. మీ పెద్దమ్మే. విల్లు మోగినప్పుడల్లా పసిది తుమ్మడం మొదలుపెట్టింది. అమ్మ వెంటనే నా మంచాన్ని వెనక కొట్టంలోకి మార్పించింది. “పసిగుడ్డు, ఈ నుసికి తట్టుకోలేదే” అంది. “మరి నాయనో?” అన్నాను. “ఆయనకేందే, పుట్టినకాడ్నుంచీ అలవాటేగా” అంది. అక్కడిదాకా వచ్చాం చూడండి. బిడ్డకి చెరుపు అని తెలిసింది. పక్కింటావిడ మిరపకాయలకి చెరుపు అని తెలిసింది. ఆయన దగ్గరికొచ్చేసరికి మా తెలివి ఆగిపోయింది.

నేనింకా పురిటి మంచం మీద ఉండగానే పీర్ల పండగ వచ్చింది. విల్లుకి గుడ్డ చుట్టి చూరుకి కట్టారు. అమ్మ గది తుడిచి, తలుపులు తీసి, సాంబ్రాణి వేసింది. రెండు రోజులు పోయాక మా నాయన గోడ పట్టుకుని మనవరాల్ని చూడ్డానికి కొట్టంలోకొచ్చాడు. మర్నాడు గోడ పట్టుకోకుండానే వచ్చాడు. ఇంట్లో అందరూ పండగ హడావుడిలో ఉన్నారు, కూర్చో కూర్చో అనే నాథుడు లేడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఇలా వాకిట్లోంచి కొట్టంలోకి, కొట్టంలోంచి వాకిట్లోకి తిరిగేవాడు. పండగ చివరికొచ్చేసరికి బిడ్డని భుజాన వేసుకుని వేపచెట్టు దాకా వెళ్ళొచ్చాడు. పక్కింటావిడ చూసి, “ఏం సాయిబన్నా, బరువు మారిందే భుజానికి!” అంది. “ఇది మోగుతాది, ఏకదు” అన్నాడు. ఆయన నోట హాస్యం విని ఎన్నాళ్ళయిందో. ఆ పూట అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. అమ్మ పీరుకి మొక్కుకుంది, నీ దయ అని.

పండగ అయిపోయింది. తలుపులు మూశారు, విల్లు దించారు. మధ్యాహ్నానికల్లా ఆయన గూటం పక్కన పడేసి రెండు చేతులూ నేలకి ఆనించి వంగిపోయాడు. గొంతు నరాలు తాళ్ళలా లేచాయి. అన్న వీపు రాస్తున్నాడు, అమ్మ విసురుతోంది.

“చూశావా” అన్నాడు అన్న నాతో, “పదిరోజులు మానేసరికి ఎట్టా బిగుసుకుపోయిందో! దానికితోడు తిరిగాడు గూడా.”

మా నాయన కూడా అవునన్నట్టు తలూపాడు. ఊపిరి అందాక మళ్ళీ గూటం తీసుకున్నాడు, తొందరగా అలవాటు చేసుకోవాలని. వేపచెట్టు దాకా నడిచిన మనిషి అంతకుముందు రోజే మా అందరి కళ్ళముందు ఉన్నాడు. ఆయన బాగుపడిన పదిరోజుల్నీ మేమే ఆయన మీద నేరంగా మోపాం.

ఆ తర్వాత రెండు పండగలే చూశాడు ఆయన. రెండో పండక్కి మంచం దిగలేకపోయాడు.

ఆయన పోయిన కొన్నేళ్ళకి మీ తాతయ్యకీ రొమ్ము పట్టేయడం మొదలైంది. వారంలో ఒకరోజు మిల్లుకి సెలవు. సెలవు మర్నాడు పనిలోకి వెళ్ళొచ్చాడంటే ఆ సాయంత్రం ఒకటే ఆయాసం. ఈ బిగింపు నాకు తెలుసు. ఆయన వద్దంటున్నా వినకుండా గుంటూరులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కొత్తగా చదువు ముగించి వచ్చిన కుర్రవాడు. ఈసారి ఏం పనని ఆయన అడక్కముందే నేనే చెప్పేశాను.

“జిన్నింగు మిల్లండి. పత్తి. సెలవు పెడితేనే ఎక్కువవుతుందండి, మానకూడదంటారు మావాళ్ళు.”

ఆయన కలం పక్కన పెట్టి నా వంక చూశాడు.

“తిరగేసి అనుకుంటున్నారమ్మా మీరు. సెలవు రోజు ఊపిరితిత్తులు తేరుకుంటాయి. తేరుకున్నవాటి మీద మళ్ళీ దూది దుమ్ము పడేసరికి మొదటిరోజు అంతగా బిగుస్తాయి. తర్వాత తగ్గడం కాదు, మొద్దుబారడం. ఈయన్ని దుమ్ములోంచి తప్పించండి.”

“అయితే కదలకుండా పడుకోవాలాండీ?”

“ఎందుకూ? చక్కగా నడవమనండి. ఆయాసం వస్తే ఆగి, తీరాక మళ్ళీ నడవమనండి. కూర్చోబెడితే కాళ్ళూ పోతాయి, ఆ పైన ఊపిరీ పోతుంది.”

మీ తాతయ్య మిల్లులో అడిగి గేటు దగ్గర పనికి మారాడు. ఇంటి నుంచి మిల్లుదాకా నడిచే వెళ్ళొచ్చేవాడు. మీ అమ్మ పెళ్ళి దాకా ఉన్నాడు. ఆ డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు మాత్రం, ఈయన్ని దక్కించుకోవచ్చన్న సంతోషం నాకు లేదు. తూము దగ్గర పెదాలు చుట్టి ఊదుకుంటూ మళ్ళీ విల్లు ఎత్తుకున్న మనిషిని, ఎవరూ చెప్పకుండానే సరైన పని చేసుకుంటున్న మనిషిని, మేం పట్టుకుని కూర్చోబెట్టాం. మాన్పించాల్సిన దాన్ని వదిలేసి, మాన్పించకూడని దాన్ని మాన్పించాం.

డాక్టరు ఆ మాట చెప్పిన ఏడే మా అమ్మ కొన్నాళ్ళు ఉందామని నల్లపాడు వచ్చింది. ఒక మధ్యాహ్నం మా వీధి ఆడవాళ్ళు నలుగురు మా అరుగు మీద చేరారు. పచ్చళ్ళకని తెచ్చిన మిరపకాయలకి తొడిమలు తీస్తున్నాం. ఎవరో మా అమ్మని, మీ ఆయన ఏ జబ్బుతో పోయారని అడిగారు.

“ఆయాసంతోనమ్మా” అంది మా అమ్మ. “అయినా ఒక్క మాట చెప్పుకోవాలి. ఆఖరి ఏళ్ళలో ఆయన్ని గడప దాటనిచ్చామా! కాలు కింద పెట్టనిచ్చామా! మంచినీళ్ళు కూడా చేతికే. ఊళ్ళో ఏ కొడుకూ అట్టా చూసుకోలేదు తండ్రిని. కావాలంటే దీన్నడగండి.”

అందరూ నా వైపు చూశారు. మా అమ్మ కూడా చూసింది. ఆమె బతుకులో ఇంత ధీమాగా చెప్పుకున్న మాట నేను ఇంకోటి వినలేదు.

“అవును” అన్నాను, “బాగా చూసుకున్నారు.”

“చూశారా!” అంది అమ్మ వాళ్ళతో. డాక్టరు దగ్గరికి రైల్లో ఎలా తీసుకెళ్ళారో, ముందుగదిలో ఆయనకి ఎంత వీలుగా అమర్చారో మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. నేను తల వంచుకుని తొడిమలు తీస్తూ కూర్చున్నాను. చేతులు మండుతున్నాయి. లేచి కడుక్కోవాలనిపించలేదు.